‘డ్రెడ్‌లాక్ హాలిడే’: ఇంగ్లీషు రాక్ బృందం కట్టిన జమైకా పాట పూర్వాపరాలు

ఇంగ్లండుకు చెందిన టెన్ సీసీ అనే రాక్ వాద్యబృందం 1978 జూలైలో విడుదల చేసిన సింగిల్ రికార్డు ‘డ్రెడ్‌లాక్ హాలిడే’. ఎరిక్ స్టీవర్ట్, గ్రాహం గూల్డ్‌మన్ కలిసి రచించి, స్వరపరచిన ఈ గీతం అదే సంవత్సరం సెప్టెంబరు నెలాఖరున బ్రిటన్ రికార్డు విక్రయాల పట్టికలో ఒక వారంపాటు ప్రథమ స్థానాన్ని అలంకరించింది. నెదర్లాండ్స్, న్యూజీలాండ్ దేశాలలోనూ అగ్రస్థానం దక్కించుకున్నది. అమెరికాలో మాత్రం 44వ స్థానాన్ని దాటి పైకి పోలేకపోయినది. అమెరికా శ్రోతకు క్రికెట్టు అంటే ఏమిటో తెలియకపోవడం ఇందుకు ఒక కారణమై ఉండవచ్చు. పాట పల్లవి క్రికెట్టు పేరుతోనే మొదలవుతుంది మరి.

పాట నడక జమైకా దేశపు రెగే సంగీతం. పాడినవారు మాంచెస్టరు ప్రాంతపు తెల్లవారు. కథకు మూలమైన ఘటన జరిగినది జమైకాలో కాదు, బార్బడోస్ ద్వీపంలో. పాటలో వచ్చే జడలకూ, గంజాయికీ మాత్రం భారతదేశంతో సంబంధమున్నది. ఇన్ని చోట్ల నుంచి వచ్చిన సరుకు నాలుగైదు నిమిషాల రికార్డులో ఎట్లా కలిసినదో తెలుసుకోవాలంటే ముందు ఆ బృందాన్ని గురించి కొంత చెప్పుకోవాలి.

స్టాక్‌పోర్టు నలుగురు

మాంచెస్టరు పక్కనే ఉన్న స్టాక్‌పోర్టు, టోపీల తయారీకి పేరు పడిన పాత పరిశ్రమల పట్టణం. అక్కడ ఎరిక్ స్టీవర్ట్ భాగస్వామిగా నడిచిన స్ట్రాబెరీ స్టూడియో టెన్ సీసీకి పుట్టిల్లు. స్టీవర్ట్, గూల్డ్‌మన్, కెవిన్ గాడ్లీ, లాల్ క్రీమ్ అనే నలుగురు 1972లో ఆ పేరుతో తొలి రికార్డు వెలువరించారు. నలుగురూ పాడగలరు, నలుగురూ పాటలు కట్టగలరు. గూల్డ్‌మన్ ఇరవై ఏళ్ళు నిండకముందే యార్డ్‌బర్డ్స్ బృందానికి ‘ఫర్ యువర్ లవ్’ అనే గీతం రాసి ఇచ్చి పేరు గడించినవారు. స్టీవర్ట్ అంతకు ముందు మైండ్‌బెండర్స్ బృందంలో గాయకుడు. రికార్డింగు సాంకేతిక విద్యలో దిట్ట.

వీరిది పరిహాసపు పాటల ధోరణి. పాత రాక్ పాటలను, సినిమా దృశ్యాలను, జైలు తిరుగుబాట్లను, దేనిని పట్టుకున్నా దానికి వేషం కట్టి ఆడించడం వీరి పద్ధతి. 1973లో ‘రబ్బర్ బుల్లెట్స్’తో తొలిసారి బ్రిటన్‌లో ప్రథమ స్థానం పొందారు. 1975లో ‘అయామ్ నాట్ ఇన్ లవ్’ రెండవసారి ఆ స్థానం తెచ్చిపెట్టింది. ఆ గీతానికి తమ కంఠాలనే వందలసార్లు టేపు మీద ముద్రించి, ఒక పెద్ద గాయకసమూహమే ఉన్నదేమో అనిపించే ధ్వనిని సృష్టించారు. 1976లో గాడ్లీ, క్రీమ్ వైదొలగారు. మిగిలిన ఇద్దరూ కొత్తవారిని చేర్చుకొని అదే పేరుతో కొనసాగారు. ‘డ్రెడ్‌లాక్ హాలిడే’ నాటికి గిటారిస్టు రిక్ ఫెన్, కీబోర్డు వాద్యకారుడు డంకన్ మెకే, డ్రమ్స్ వాయించే పాల్ బర్జెస్, స్టూవర్ట్ టాష్ బృందంలో ఉన్నారు. అప్పటికి ఇంగ్లండు దక్షిణభాగాన డోర్కింగ్ పట్టణంలోని ఒక పాత సినిమా హాలును కూడా స్టూడియోగా మార్చుకొని ఉన్నారు. ఈ పాట చేరిన ఆల్బం పేరు ‘బ్లడీ టూరిస్ట్స్’. విహారయాత్రికుల మీద విసుగును చూపే తిట్టుమాట ఆ పేరులోనే ఉన్నది.

రెగే అనగానేమి?

జమైకా ద్వీపం 1962 ఆగస్టు 6న బ్రిటిషు పాలన నుంచి స్వతంత్రమైనది. పల్లె పాటల రూపమైన మెంటో, అమెరికా రేడియో కేంద్రాల నుంచి గాలిలో తేలివచ్చిన నల్లవారి సంగీతం కలిసి అక్కడ స్కా అనే వేగపు నడక పుట్టింది. 1966 ప్రాంతంలో వేగం తగ్గి రాక్‌స్టెడీ అయినది. 1968లో టూట్స్ అండ్ ద మేటల్స్ బృందం తన పాట పేరులో ‘రెగే’ అనే మాటను వాడింది. నాటి నుంచి ఆ కొత్త నడకకు అదే పేరు స్థిరపడినది.

ఈ నడక లక్షణాన్ని చెవితో పట్టుకోవడం సులభం, మాటలలో చెప్పడం కొంచెం కష్టం. భజన గోష్ఠిలో కూర్చొని నాలుగు దెబ్బల నడకకు చేతితో తాళం వేస్తున్నట్లు ఊహించండి. చేయి పడిన చోట గిటారు మౌనంగా ఉంటుంది. చేయి పైకి లేచిన క్షణంలో, రెండు చప్పట్ల నడుమ, అది ‘చక్’మని మోగి వెంటనే తెగిపోతుంది. డ్రమ్స్ కూడా సాధారణంగా బలంగా మోగవలసిన మొదటి దెబ్బను వదలివేసి మూడవ దెబ్బ మీద బరువు వేస్తాయి. ‘వన్ డ్రాప్’ అని దీనికి పేరు. ఇక బేస్ గిటారు వెనుక నిలిచి ఊతమిచ్చే వాద్యంగా కాక, తానే ఒక రాగాన్ని పాడుతున్నట్లు ముందుకు వస్తుంది. కర్ణాటక సంగీతంలో తాళపు దెబ్బకు ముందో వెనుకో పాట ఎత్తుకొనే ఎడుపుతో దీనిని పోల్చాలనిపిస్తుంది. కాని అక్కడ ఎత్తుగడ మాత్రమే అట్లా జరుగుతుంది. ఇక్కడ గిటారు ఆసాంతం తాళపు సందులోనే కాపురముంటుంది.

రెగే బ్రిటన్ చేరడానికి కారణం వలస. 1948 జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ అనే నౌక కరీబియన్ దీవుల నుంచి వందలాది మందిని లండను సమీపాన టిల్‌బరీ రేవులో దించినది మొదలు, రెండు దశాబ్దాలలో జమైకావారు ఇంగ్లండు పారిశ్రామిక నగరాలన్నింటా స్థిరపడ్డారు. వారి పెట్టెలలో వారి రికార్డులూ వచ్చాయి. మిల్లీ స్మాల్ పాడిన ‘మై బాయ్ లాలీపాప్’ 1964లో బ్రిటన్ పట్టికలో రెండవ స్థానం పొందగా, డెస్మండ్ డెక్కర్ ‘ఇజ్రాయెలైట్స్’ 1969లో ప్రథమ స్థానమే పొందింది. 1973లో బాబ్ మార్లీ బృందం ‘క్యాచ్ ఎ ఫైర్’ ఆల్బంతో రాక్ శ్రోతల ఇళ్ళలోకి ప్రవేశించింది.

తెల్లవారి రాక్ బృందాలు ఈ నడకను అనుకరించడమూ ఆ కాలంలోనే జోరందుకున్నది. లెడ్ జెప్లిన్ 1973లో ఒక రెగే తరహా పాట చేసి, దానికి ‘డయర్ మేకర్’ అని కనబడే పేరు పెట్టింది. నిజానికి ఆ పేరును లండను యాసలో గబగబా పలికితే ‘జమైకా’ అని వినబడుతుంది. అదొక పాత హాస్యోక్తి. ఈగల్స్ వారి ‘హోటల్ కాలిఫోర్నియా’కు సైతం తయారీలో ఉన్నప్పుడు పెట్టుకున్న వాడుక పేరు ‘మెక్సికన్ రెగే’. మార్లీ రచించిన ‘ఐ షాట్ ద షెరిఫ్’ను ఎరిక్ క్లాప్టన్ 1974లో పాడి అమెరికాలో ప్రథమ స్థానం సంపాదించారు. ఈ చివరి సంగతిని గుర్తుంచుకోవాలి. దాని తరువాయి ముందు వస్తుంది.

బార్బడోస్‌లో జరిగినది

స్టీవర్ట్ తన మిత్రుడు, మూడీ బ్లూస్ బృందపు గాయకుడు జస్టిన్ హేవర్డ్‌తో కలిసి బార్బడోస్ ద్వీపానికి విహారానికి వెళ్ళారు. అక్కడ రెండు దృశ్యాలు ఆయన కంటపడ్డాయి. మొదటిది: ఒక తెల్ల యాత్రికుడు, స్థానికులైన నల్లవారి గుంపుతో కలిసి నడుస్తూ, వారి నడక తీరును, వారి నిర్లక్ష్యపు ఒయ్యారాన్ని తానూ తెచ్చిపెట్టుకోవాలని తంటాలు పడుతున్నాడు. చూచేవారికి అది నవ్వు తెప్పించే వేషం. రెండవది హేవర్డ్‌కే ఎదురైనది. ఆయన మెడలోని వెండి గొలుసు మీద స్థానికులలో ఒకరి చూపు పడినది. డాలరు ఇస్తాను, ఇచ్చేయమని అడిగాడు. అది తన తల్లి ఇచ్చిన కానుక అని హేవర్డ్ బదులు చెప్పవలసి వచ్చినది. ఆ మాటల వెనుక బెదిరింపు ఉన్నదనే భావన స్టీవర్ట్ మనసులో నిలిచిపోయింది.

స్వదేశానికి తిరిగివచ్చి ఈ సంగతులను గూల్డ్‌మన్‌కు చెప్పగా, ఆయన వద్ద మరొక ముక్క సిద్ధంగా ఉన్నది. అది జమైకాలో జరిగినది. ఒక జమైకా వ్యక్తితో మాటల సందర్భంలో, క్రికెట్టు అంటే ఇష్టమేనా అని గూల్డ్‌మన్ అడిగారు. ఆ మనిషి ముందు కాదన్నాడు. వెంటనే, ‘ఇష్టం’ అనే మాట తన మనసులోని అభిమానానికి చాలదన్న అర్థం వచ్చేటట్లు అంతకంటె పెద్ద మాట వేశాడు. కాదని చెప్పి అవునని తేల్చే ఆ చమత్కారమే పాటకు పల్లవి అయినది.

ఈ విధంగా ఇద్దరి అనుభవాలూ, రెండు దీవులూ ఒకే కథలోకి వచ్చి చేరాయి. రెగే జమైకాది కనుక కథాస్థలమూ జమైకాయే కావలసి వచ్చింది. బార్బడోస్‌కూ జమైకాకూ నడుమ సముద్రం మీద సుమారు 1,900 కిలోమీటర్ల దూరం. గగనమార్గాన మద్రాసుకూ ఢిల్లీకీ గల దూరం కన్న ఇది ఎక్కువే. ఒక దీవిలో గొలుసు అడిగిన మనిషి చేష్ట మరొక దీవి ఖాతాలో పడినదన్న మాట. బయటివారి కళ్ళకు దీవులన్నీ ఒక్కటిగానే కనబడతాయి, సరిహద్దులకు ఆవలివారంతా ఒకే పేరుతో పిలవబడినట్లే.

పాటలోని కథ

కథకుడు ఒక యాత్రికుడు. వీధిలో నడుస్తూ, తన నడక సరిగా, స్థానికంగా కనబడేటట్లు జాగ్రత్త పడుతున్నాడు. పక్కనే ఒక గొంతు వినబడేసరికి ఉలిక్కిపడి తిరిగి చూస్తే నలుగురు ఎదుట నిలిచి ఉన్నారు. వారిలో ఒకడు ఆగ్రహంతో ఉన్నాడు.  అప్పుడు బెదిరిన యాత్రికుడి నోట పల్లవి వస్తుంది: తనకు క్రికెట్టు మీద ఎంత ప్రేమో! రెండవ చరణంలో వెండి గొలుసు బేరం, తల్లి కానుక అన్న జవాబు, పరాయి దేశంలో ఒంటరిగా ఉన్నావు సుమా అన్న బెదిరింపు. ఈసారి పల్లవిలో క్రికెట్టు పోయి రెగే వచ్చి కూర్చుంటుంది. చివరికి యాత్రికుడు పరుగు పరుగున తన హోటలు ఈతకొలను వద్దకు చేరి, మద్యపు పానీయం చేత పట్టుకొని కుదుటపడుతుండగా, ఒక స్త్రీ వచ్చి ఇంకా గట్టి సరుకు కావాలా అని తన గంజాయి పంటను గురించి చెబుతుంది. పల్లవిలో ఇక జమైకా పేరే వస్తుంది.

పల్లవిలోని మార్పు గమనింపదగినది. ప్రేమ ప్రకటన ప్రతిసారీ భయం వెంటనే వస్తున్నది. ఎదుటివారు మెచ్చే వస్తువుల పేర్లు ఒక్కొక్కటిగా జపిస్తే ప్రాణం దక్కుతుందని యాత్రికుని ఆశ. ఇంతవరకు పరిహాసానికి గురి అయినవాడు యాత్రికుడే, సందేహం లేదు. అయితే పాటలో కనబడే జమైకావారు ఎవరు? గొలుసు లాగేవారు నలుగురు, గంజాయి అమ్మే ఆడమనిషి ఒకతె. వేరొక జమైకా మనిషి ఈ పాటలో లేడు. క్రికెట్టు మాటను అంత అందంగా చెప్పిన ఆ నిజమైన జమైకా వ్యక్తి కూడా లేడు. అతని మాటను తీసి యాత్రికుని నోట పెట్టారు. పాట కట్టినవారి నేర్పును మెచ్చుకుంటూనే ఈ లోటును లెక్కలోకి తీసుకోవలసి ఉన్నది.

1978 నాటి రెండు దేశాలు

ఆ ఏడు జమైకా నిజంగానే కష్టకాలంలో ఉన్నది. మైకేల్ మాన్లీ, ఎడ్వర్డ్ సియాగా నాయకత్వాలలోని రెండు పార్టీల అనుచరుల మధ్య కింగ్‌స్టన్ పేటలలో కాల్పులు జరిగేవి. 1976 జూన్‌లో ప్రభుత్వం అత్యవసర పరిస్థితి విధించింది. డిసెంబరు 3న బాబ్ మార్లీ ఇంటిలోనే ఆయనపై తుపాకులు పేలాయి. గాయాలతో బయటపడిన మార్లీ దేశం విడిచి వెళ్ళి, 1978 ఏప్రిల్ 22న ‘వన్ లవ్’ శాంతి కచేరీకి తిరిగివచ్చారు. పాట నడుమ మాన్లీని, సియాగాను వేదిక మీదికి పిలిచి ఇద్దరి చేతులూ తన చేతులతో కలిపి పైకెత్తారు. దీనికి మూడు నెలల తరువాత వెలువడిన ఇంగ్లీషు పాటలో జమైకా వీధి భయానికి పర్యాయపదంగా వచ్చినది. వార్తాపత్రికలు చదివే ఇంగ్లండు శ్రోతకు అది వింతగా తోచి ఉండదు.

ఇంగ్లండు పరిస్థితి కూడా ప్రశాంతంగా లేదు. జమైకా పాటతో అమెరికాలో అగ్రస్థానం పొందిన ఎరిక్ క్లాప్టనే 1976 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కచేరీ వేదిక మీద నుంచి వలసదారులను దేశం నుంచి పంపివేయాలన్న ధోరణిలో ప్రసంగించారు. ఆ మాటలకు నిరసనగా పుట్టినదే ‘రాక్ అగెయిన్‌స్ట్ రేసిజం’ ఉద్యమం. 1978 ఏప్రిల్ 30న లండను విక్టోరియా పార్కులో ఆ ఉద్యమం తరఫున జరిగిన కచేరీకి వేలాదిగా జనం తరలివచ్చారు. తెల్ల పంక్ బృందాలూ, నల్ల రెగే బృందాలూ ఒకే వేదిక మీద వాయించాయి. అక్కడ వాయించిన క్లాష్ బృందం జూన్‌లో ‘వైట్ మ్యాన్ ఇన్ హామర్‌స్మిత్ పాలే’ అనే సింగిల్ తెచ్చింది. రెగే కచేరీకి వెళ్ళిన తెల్లవాడు తన స్థానమేమిటని తనను తాను ప్రశ్నించుకొనే పాట అది. పోలీస్ బృందపు ‘రాక్సాన్’ సైతం ఆ వసంతంలోనిదే.

ఈ రెండింటి పక్కన పెట్టి చూస్తే ‘డ్రెడ్‌లాక్ హాలిడే’ వయసులో పెద్దవారి పాటగా, లోకాన్ని హోటలు మేడ మీద నుంచి చూచే పాటగా తోస్తుంది. క్లాష్ పాటలో తెల్లవాడు కచేరీ హాలు లోపలికి వెళ్ళాడు. టెన్ సీసీ పాటలో తెల్లవాడు ఈతకొలను వద్దకు పరుగెత్తాడు. అయినా అమ్మకాలలో క్లాష్‌ను ఎంతో దూరం వెనుకకు నెట్టినది టెన్ సీసీయే. శ్రోతలలో ఎక్కువమంది విహారయాత్రికులే అయి ఉంటారు.

యాస సంగతి

పాటలో ప్రధాన గాత్రం గూల్డ్‌మన్‌ది. ఆయన తన సహజమైన లాంకషైరు పలుకును సగం దాచి, జమైకా యాసను సగం తొడుక్కొని పాడారు. ఇప్పటి శ్రోతలకు అన్నింటికంటె ఇబ్బంది కలిగించేది ఇదే. 1978లో దీనిని తప్పుపట్టినవారు తక్కువ.

జమైకా ప్రజలు పరస్పరం మాట్లాడుకొనే భాషను పాట్వా అంటారు. మాటలలో అత్యధికం ఇంగ్లీషువి. వాక్యనిర్మాణంలో పశ్చిమాఫ్రికా భాషల జాడలు ఉన్నాయి. దానిని చెడిపోయిన ఇంగ్లీషు అని పాఠశాలలు చాలాకాలం తృణీకరించాయి. అయితే దానికి తనదైన వ్యాకరణం ఉన్నదని, అదొక క్రియోల్ భాష అని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. ‘మిస్ లూ’ అని దేశమంతా ప్రేమతో పిలుచుకున్న లూయీస్ బెనెట్ ఆ పాట్వాలోనే కవిత్వం చెప్పి, వేదికలెక్కి, రేడియోలో మాట్లాడి దానికి గౌరవం సంపాదించిపెట్టారు. ‘జమైకా లాబ్రిష్’ అనే ఆమె కవితల సంపుటి 1966లో వెలువడినది. పాట్వాను ఇంగ్లీషు గాయకులు వేషంగా తొడుక్కోవడానికి పన్నెండేళ్ళు ముందే దానికి అచ్చు పుస్తకం ఉన్నదన్న మాట.

ఒక చిన్న విశేషం. పాటలో తల్లి కానుక అని చెప్పేచోట ‘నా’ అనడానికి ప్రామాణికమైన ‘మై’ కాక ‘మీ’ అనే రూపం వాడారు. విన్నవారు ఇది జమైకా యాస అనుకుంటారు. నిజమే, పాట్వాలో అట్లాగే అంటారు. కాని మాంచెస్టరు, స్టాక్‌పోర్టు వీధులలో సామాన్యులు తల్లిని తలచుకొన్నప్పుడు అనే మాట కూడా సరిగ్గా అదే. యాత్రికుడు వేషం వేస్తున్నాడా, భయంలో సొంత ఊరి మాట బయటపడినదా? రచయితలు ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, పాటలో అత్యంత నిజమైన మాట అదే.

రెండు భాషల నడుమ బ్రతికేవారికి ఈ తేడా తెలియనిది కాదు. హోసూరు సంతలో తమిళం, బళ్ళారి బజారులో కన్నడం, బరంపురంలో ఒడియా అవసరం కొద్దీ మాట్లాడడం వేరు; పొరుగువాని గొంతును నలుగురినీ నవ్వించడానికి ఎత్తిపట్టడం వేరు. మొదటిదానికి ఏళ్ళు పడుతుంది. రెండవదానికి ఒక సాయంత్రం చాలు.

క్రికెట్టు అనే సంకేతపదం

ఇంగ్లండు దొరలు నేర్పిన ఆట కరీబియన్ దీవులలో దొరలను ఓడించే సాధనమైనది. 1950 జూన్‌లో లార్డ్స్ మైదానంలో వెస్టిండీస్ జట్టు ఇంగ్లండు గడ్డ మీద తన తొలి టెస్టు విజయం సాధించింది. ఆ విజయాన్ని తెచ్చిన ఇద్దరు స్పిన్ బౌలర్లలో ఒకరు జమైకాకు చెందిన ఆల్ఫ్ వాలెంటైన్. రెండవవారు ట్రినిడాడ్‌కు చెందిన సన్నీ రామధీన్; భారతీయ కూలీల సంతతివారు, ఆ సంతతి నుంచి వెస్టిండీస్‌కు ఆడిన మొదటి వ్యక్తి. ఆ విజయం మీద లార్డ్ బిగినర్ అనే గాయకుడు కట్టిన కాలిప్సో గీతం నేటికీ నిలిచి ఉన్నది. 1971లో భారత జట్టు వెస్టిండీస్‌ను వారి గడ్డ మీదనే తొలిసారి ఓడించి, తొలి సిరీస్‌లోనే సునీల్ గవాస్కర్ 774 పరుగులు చేసినప్పుడు, ఓడిన దేశపు గాయకుడైన లార్డ్ రిలేటర్ ఆయన మీద పాట కట్టి కీర్తించారు. క్రికెట్టును పాడుకోవడం ఆ దీవులవారికి కొత్త కాదు. టెన్ సీసీ పల్లవికి ముందే ఈ సంప్రదాయం పాతికేళ్ళకు పైబడినది.

1976లో ఇంగ్లండు నాయకుడు, దక్షిణాఫ్రికాలో పుట్టిన టోనీ గ్రెగ్, వెస్టిండీస్ ఆటగాళ్ళను మోకరిల్లజేస్తామని టెలివిజన్‌లో అన్నారు. బానిసల సంతతితో దక్షిణాఫ్రికా తెల్లవాడు అనవలసిన మాట కాదది. క్లైవ్ లాయిడ్ జట్టు సిరీస్‌ను 3–0తో గెలిచి బదులిచ్చింది. ఓవల్ మైదానంలో జమైకా యువకుడు మైకేల్ హోల్డింగ్ ఒక్క టెస్టులో 14 వికెట్లు తీశారు. గ్యాలరీలలో కరీబియన్ సంతతివారు డబ్బాలు వాయిస్తూ సంబరపడ్డారు. పాటలో ఆ నలుగురు ఎదురుపడగానే యాత్రికుడు క్రికెట్టు పేరెత్తడంలోని ఔచిత్యం 1978 నాటి శ్రోతకు విడమరచి చెప్పనవసరం లేకపోయింది.

పాట అగ్రస్థానంలో ఉన్న నెలలలోనే వెస్టిండీస్ క్రికెట్టు చీలి ఉన్నది. కెర్రీ ప్యాకర్ పోటీలకు పోయిన లాయిడ్ బృందం స్థానంలో గయానాకు చెందిన భారతీయ సంతతి ఆటగాడు ఆల్విన్ కాళీచరణ్ నాయకుడయ్యారు. ఆయన నాయకత్వాన ఆ శీతకాలమే భారతదేశానికి వచ్చిన జట్టు ఆరు టెస్టుల సిరీస్‌ను 1–0తో కోల్పోయింది. ఫలితం తేలిన ఆ ఒక్క టెస్టు మద్రాసులో జరిగినది.

జడలు, గంజాయి

పాట పేరులోని ‘డ్రెడ్‌లాక్స్’ అంటే దువ్వకుండా, కత్తిరించకుండా పెంచిన జడలు కట్టిన జుట్టు. రాస్తఫారీ మతస్థుల గుర్తు అది. ఇథియోపియా చక్రవర్తిగా 1930 నవంబరులో పట్టాభిషిక్తుడైన హైలే సెలాసీని దైవంగా భావించే ఈ మతం జమైకాలోని పేద నల్లవారి మధ్య పుట్టింది. గంజాయి వారికి ప్రార్థనలో భాగం, హోటలు అతిథులకు అమ్మే సరదా వస్తువు కాదు. పాట ఈ భేదాన్ని పట్టించుకోలేదు. జడలను విహారపు సరంజామాలో ఒకటిగా చేసివేసింది.

గంజాయి జమైకాకు చేరినది భారతీయ కూలీలతోనే. పేరు కూడా వారు తీసుకుపోయినదే. బానిసత్వం రద్దయిన తరువాత చెరకు తోటలకు మనుషులు కావలసి, 1845 మే 10న తొలి నౌక భారతీయులను ఓల్డ్ హార్బర్ బే రేవులో దించినది. 1917 వరకు సుమారు 36,000 మంది ఆ ద్వీపం చేరారు. వారిలో అత్యధికులు ఉత్తరాదివారు. తొలి సంవత్సరాలలో మద్రాసు రేవు నుంచి కూడా వెళ్ళారు. పొరుగున ఉన్న బ్రిటిషు గయానాకు మద్రాసు నుంచి పోయినవారిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. మన నోట గంజాయి అయినది అక్కడ ‘గాంజా’గా నిలిచినది. రాస్తఫారీ తొలి బోధకులలో ఒకరైన లియోనార్డ్ హోవెల్ తన గ్రంథాన్ని జి. జి. మరాగ్ అనే పేరుతో వెలువరించారు. అది ‘మహారాజ్’ అన్న మాట నుంచి వచ్చినదని భావిస్తారు. జడలు సైతం హిందూ సాధువులను చూచి నేర్చినవే అని కొందరు పరిశోధకుల వాదం. మరికొందరు వాటి మూలాన్ని ఆఫ్రికాలోనూ, బైబిలులోనూ చూపుతారు. ఈ వివాదం తేలలేదు. జమైకా ప్రభుత్వం గంజాయిని 1913లో నిషేధించి, 2015లో స్వల్ప పరిమాణం దగ్గర ఉంచుకోవడాన్ని నేరాల పట్టిక నుంచి తొలగించినది. రాస్తఫారీల మతపరమైన వినియోగాన్నీ ఆ చట్టమే గుర్తించింది.

తరువాతి చరిత్ర

టెన్ సీసీకి ఇది మూడవ, చివరి ప్రథమ స్థానం. 1979 జనవరిలో స్టీవర్ట్ కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డారు. కంటికీ చెవికీ దెబ్బ తగిలినది. ఆయన కోలుకొనేలోగా సంగీతపు గాలి మారిపోయింది. ఆ బృందపు పాట మరొకటి బ్రిటన్‌లో మొదటి పదింటికి చేరలేదు.

పాట మాత్రం తన దారిన తాను నడిచింది. పల్లవిలోని ఒక్క మాట కారణంగా క్రికెట్టు మైదానాలలో, ప్రసారాలలో అది స్థిరపడినది. మిగిలిన కథ ఏమిటో తెలియకుండానే జనం దానికి గొంతు కలుపుతుంటారు. ఫేస్‌బుక్ పుట్టుక మీద 2010లో వచ్చిన ‘ద సోషల్ నెట్‌వర్క్’ చిత్రంలో, హార్వర్డ్ విద్యార్థులు ‘కరీబియన్ రాత్రి’ అని పేరు పెట్టుకొని జరుపుకొనే వెలవెలబోయిన విందు వెనుక ఈ పాటే మోగుతుంది. దర్శకుడు తగిన చోటే వాడుకున్నారు.

2018 నవంబరులో యునెస్కో సంస్థ జమైకా రెగేను మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. టెన్ సీసీ నుంచి స్టీవర్ట్ 1990ల నడుమ వైదొలగారు. గూల్డ్‌మన్ అదే పేరుతో కొత్త సభ్యులను కూర్చుకొని 2020ల దశకంలోనూ ఊరూరా కచేరీలు చేస్తూ, హేవర్డ్ మెడలోని ఆ వెండి గొలుసు కథను పాడుతూనే వచ్చారు.